అమ్మవారు, ఆటలమ్మ, అక్కి

ఆషాఢమాసంలో మారేడ్‌పల్లి వీధుల్లో బోనాలు కదులుతాయి. పసుపు పూసిన కుండలో అన్నం, చుట్టూ వేపమండలు, పైన దీపం. ఒకప్పుడు ఒంటినిండా పొక్కులు లేచిన మనిషి పక్క మీద పరిచిందీ ఈ వేపాకునే. 1813లో జంటనగరాల్లో కలరా ప్రబలితే, ఉజ్జయినిలో ఉన్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య మొక్కుకుని, 1815లో సికింద్రాబాద్‌లో మహంకాళిని ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర చెబుతుంది. కలరా మహంకాళి వంతయితే, మశూచి పోచమ్మ వంతు.

ఒంటిమీద లేచే ప్రతిదాన్నీ జనం దేవతకు ముడిపెట్టలేదు. దురదపెట్టి గంటల్లో అణిగేవి దద్దుర్లు. వేసవిలో వీపున పేలేవి చెమటకాయలు. జ్వరంతో వచ్చి, ఇంటిల్లిపాదికీ అంటుకునే వాటినే తల్లి అన్నారు. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. అవి ‘వచ్చాయి’ అనరు, ‘అమ్మవారు పోసింది’ అంటారు. రోగిని విడిగా పడుకోబెట్టేవారు, బయటివాళ్లను రానిచ్చేవారు కాదు. పక్కులు రాలాకే వేపాకు, పసుపు కలిపిన నీళ్లతో స్నానం.

తల్లి అన్న ఈ రోగాల్లోనే మశూచి వేరు, తట్టు వేరు అని వెయ్యేళ్ల కిందటే పారసీక వైద్యుడు అల్ రాజీ గ్రంథం రాశాడు. 1796లో ఇంగ్లండులో వైద్యుడు జెన్నర్ మశూచికి టీకా వేశాడు. 1802లో అది బొంబాయి చేరింది. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. 1980లో ప్రపంచమంతటా అంతరించిందని ప్రకటించారు. పెద్దమ్మవారు పోయింది.

ఆటలమ్మ మాత్రం పోలేదు. పొక్కులు మానినా దాని వైరస్ నరాల మొదళ్లలో దాగి ఉంటుంది. ఏళ్ల తర్వాత, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలా మంటపుట్టిస్తూ లేస్తుంది. అదే అక్కి. పల్లెల్లో కుమ్మరి దానిమీద ఎర్రమన్నుతో సింహం బొమ్మ గీసేవాడు. అక్కి ఉన్నవారి దగ్గర మసలిన పిల్లలకు ఆటలమ్మ పోయడాన్ని 19వ శతాబ్దం చివర్లో ఒక హంగేరీ వైద్యుడు గమనించాడు. 1950లలో అమెరికా శాస్త్రవేత్త థామస్ వెల్లర్ రెండింటికీ వైరస్ ఒకటేనని తేల్చాడు.

తట్టు కథ వేరు. దగ్గు, ఎర్రబడ్డ కళ్లతో మొదలై, చెవుల వెనక నుంచి ఎర్రమచ్చలు కిందికి దిగుతాయి. చిన్నపిల్లల్లో నిమోనియాకు దారితీసి ప్రాణం తీయగలదు. ‘అమ్మవారే కదా, తగ్గిపోతుంది’ అని వేపాకుతో సరిపెట్టుకునే రోగం కాదిది. 2017 ఆగస్టులో తెలంగాణలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా ఉద్యమంగా వేశారు. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తున్నారు.