కోట వయసెంత?

పాంచాలంకురిచ్చి కోట ముందు బస్సు దిగగానే మా ఎనిమిదో తరగతి పిల్లల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఈ కోట వయసెంత?" రెండు వందలేళ్లని ఒకరు, మూడు వందలని ఇంకొకరు. ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ గోడలు లేచింది 1974లో. ఆ పిల్లల నాయనమ్మల కంటే చిన్నవి.

ప్రకాశం జిల్లా నుంచి కోవిల్‌పట్టికి కోడలిగా వచ్చి పంతొమ్మిదేళ్లు. బడిలో సోషల్ చెప్పేది తమిళంలో, ఇంట్లో మాట తెలుగు. మా అత్తగారి వాళ్లు ఎన్ని తరాల కిందట ఇటు వచ్చారో వాళ్లకే లెక్క లేదు. మీరు "అరవదేశం" అని తీసిపారేసే ఈ చోటు నేల మాత్రం మన నల్లరేగడే. ఇక్కడ కరిసల్ అంటారు. ఈ కరిసల్‌కి మనవాళ్లు ఎట్లా చేరారో కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం'లో చెప్పారు. మా పక్కనున్న ఇడైసెవల్ ఆయన ఊరు. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. ఆ కథకు కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2022లో మా ఊళ్లో ఆయనకు మణిమండపం కట్టారు.

పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్ మీకు కట్టబ్రహ్మనగా తెలుసు, డబ్బింగ్ సినిమా పుణ్యమా అని. మా పిల్లలకు శివాజీ గణేశన్ డైలాగులన్నీ నోటికొచ్చు. బస్సులో వేరుశనగ మిఠాయి నములుతూ అవే అరుస్తారు. అందుకే ఒక్కొక్కరి చేతికి రెండు గళ్ల కాగితం ఇస్తాను: 'నేను చూసినది', 'ఎవరో చెప్పినది'. లోపల గోడల మీది బొమ్మలు ఏ గడిలోకి వెళ్లాలో తేలేసరికి అరగంట పడుతుంది. బొమ్మను చూశాం నిజమే, బొమ్మలోని యుద్ధాన్ని చూశామా?

1799 అక్టోబర్ 16న కయత్తారులో కట్టబొమ్మన్‌ను ఉరి తీశారు. తమ్ముడు ఊమైదురై జైలు నుంచి తప్పించుకొచ్చి మళ్లీ కోట కట్టాడు. 1801లో కుంపిణీ సైన్యం దాన్ని నేలమట్టం చేసింది. మిగిలిన పునాదులు కొత్త కోట పక్కనే ఉన్నాయి, ఆ పోరులో చచ్చిన ఇంగ్లీషు సిపాయిల సమాధులు కాస్త దూరంలో. చాలా బళ్లు వీటి దాకా పోవు. ఒక్క రోజులో ఆరు చోట్లు చూపించాలన్న ఆరాటం. నాకు రోజుకు ఒక్క చోటు చాలు.

ఒకసారి ఒక పిల్ల నా దగ్గరికొచ్చి తెలుగులో, గొంతు తగ్గించి అడిగింది: "టీచర్, కట్టబొమ్మన్ ఇంట్లో మాలాగే మాట్లాడేవాడా?" అవునన్నాను. పాలెగాళ్లలో కట్టబొమ్మన్ లాంటి రాజకంబళం కులం వాళ్లది తెలుగే. అంతేనా, కుంపిణీ పక్షాన నిలిచాడని ఇక్కడ 'ఎట్టప్పన్' అంటే ద్రోహి అని తిట్టు. ఆ పేరున్న ఎట్టయాపురం పాలెగాళ్లదీ అదే కులం, అదే భాష. ఆ పిల్ల చాలాసేపు పెన్ను కొరికి, ద్రోహి అన్న మాటను 'ఎవరో చెప్పినది' గడిలో రాసింది.

రెండో యాత్ర విరుదునగర్‌కి. 1903లో కామరాజ్ పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారకం. ముఖ్యమంత్రిగా ఆయన 1956లో ఎట్టయాపురంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. అదే ఏడాది జూలైలో కామరాజ్ సొంతూళ్లోనే శంకరలింగనార్ అనే ముసలాయన అన్నం మానేసి దీక్షకు కూర్చున్నారు. రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది ఆయన కోరికల్లో ఒకటి. అక్టోబర్ 13న కన్నుమూశారు. పేరు మారింది 1969లో. శంకరలింగనార్ మండపం కూడా ఈ ఊళ్లోనే ఉంది. రెండూ చూపించాక నేనేమీ చెప్పను. పిల్లలే కొట్టుకుంటారు: అంత మంది పిల్లలకు అన్నం పెట్టిన మనిషి ఈ ముసలాయన మాట ఎందుకు వినలేదని. పేరుదేముంది, అన్నం ముఖ్యమని ఒక జట్టు. పేరు లేకపోతే ఎట్లా అని ఇంకో జట్టు.

పోయినసారి ఆ గొడవ మధ్యలో పొట్టి శ్రీరాములు గారి 58 రోజుల దీక్ష గురించి చెప్పాను. "మీ ఊళ్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తారా టీచర్?" అన్నాడొక పిల్లాడు. ఆయన ప్రాణం విడిచిన చోటు మా ఊళ్లో కాదు, మీ చెన్నైలోనే, మైలాపూరులో ఉందన్నాను. వాడు కాగితం తిప్పి, వెనకాల ఇంకో గడి గీసుకున్నాడు.