సంతకం ఎవరిది? ఖమ్మం హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు – శాస్త్రంపై ప్రజల నమ్మకం

సారాంశం: శాస్త్రజ్ఞుల మాటను జనం నమ్మకపోవడానికి అవగాహన లోపమే కారణమన్న అభిప్రాయాన్ని 2009–10 నాటి ఖమ్మం టీకా ప్రాజెక్టు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అంగీకార పత్రాల నిర్వహణలో జరిగిన లోపమే అక్కడ అపనమ్మకానికి బలమైన పునాది అయిందని ప్రతిపాదిస్తుంది.

ప్రవేశిక

జనానికి సైన్సు తెలియదు కాబట్టి నమ్మరు, తెలియజెబితే నమ్ముతారు అన్న వాదాన్ని పరిశోధకులు ‘లోటు నమూనా’ అంటారు. దీన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త బ్రయాన్ విన్ ఒకరు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఇంగ్లండులోని కంబ్రియా కొండల మీద సీసియం కలిసిన వాన కురిసింది. గొర్రెల అమ్మకంపై పెట్టిన ఆంక్షలు మూడు వారాల్లో తీరిపోతాయని నిపుణులు చెప్పారు. అవి పూర్తిగా తొలగడానికి 2012 దాకా పట్టింది. బంకమట్టి నేలలకు సరిపోయే లెక్కను ఆమ్లగుణం ఉన్న కొండ నేలలకు వర్తింపజేశారు. ఆ కొండలనే నమ్ముకుని బతికే గొర్రెల పెంపకందారుల మాటకు విలువ దక్కలేదు. వాళ్ల అపనమ్మకం అనుభవం నేర్పినదని విన్ చూపించాడు.

ఖమ్మంలో జరిగింది

2009 జూలైలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్‌ను అడ్డుకునే టీకా ఇది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ఈ ప్రాజెక్టుకు గేట్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వీరిలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు ఎందరో ఉన్నారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటి ప్రాజెక్టే నడిచింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దీన్ని నిలిపేశారు.

మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం చాలా తక్కువని విచారణ కమిటీ తేల్చింది. ఒకరు క్వారీలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియాతో చనిపోయారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు.

అంగీకార పత్రం

అదే విచారణలో మరో లెక్క బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. వేలిముద్ర దానికదే తప్పు కాదు. చదువురాని తల్లికి సాక్షి ముందు విషయం వివరించి వేయించుకుంటే అది చెల్లుతుంది. వార్డెన్ సంతకం సంగతి వేరు. నూటికి 29 పత్రాల్లో, గూడెంలో ఉన్న తల్లిదండ్రుల తరఫున ‘సరే’ అన్నది ప్రభుత్వ ఉద్యోగి. పిల్లకు అన్నం పెట్టి, చదువు చెప్పించి, సెలవు మంజూరు చేసే వ్యవస్థే టీకాకూ ఒప్పుకుంది. అలాంటి చోట ఆ పిల్లకు ‘వద్దు’ అనే వీలు ఎంత?

దుష్ప్రభావాలను నమోదు చేసే ఏర్పాట్లు కూడా సరిగా లేవని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. దీని ఫలితం ఆ ఏడు మరణాలతో ఆగదు. నమోదు బలహీనమైతే ‘టీకా వల్ల కాదు’ అనే శాస్త్రీయ నిర్ణయానికీ ఆధారం పలచబడుతుంది. అడగవలసిన రోజున అడగనివాళ్లు తర్వాత నిజమే చెప్పినా, వినేవారికి అది సమర్థింపులాగే వినిపిస్తుంది.

సిక్కిం అనుభవం

2018లో సిక్కిం ప్రభుత్వం 9–14 ఏళ్ల బాలికలకు ఇదే టీకా ఇచ్చింది. ముందుగా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, వైద్యులకు, పాత్రికేయులకు వివరించింది. అర్హులైన బాలికల్లో 90 శాతానికి పైగా టీకా వేయించుకున్నారు. సిక్కిం చిన్న రాష్ట్రం, అక్కడ అక్షరాస్యత ఎక్కువ. అందువల్ల ఈ పోలిక ఏదీ రుజువు చేయదు. టీకా ఒకటే అయినా ఆదరణ వేరుగా ఉండగలదని మాత్రం చూపుతుంది.

ముగింపు

నమ్మకాన్ని కొలిచే సర్వేలు సాధారణంగా ‘మీరు శాస్త్రజ్ఞులను ఎంత నమ్ముతారు’ అని జనాన్ని అడుగుతాయి. ఆ జవాబు పక్కనే సంస్థల నడత కూడా నమోదు కావాలి: ఎవరిని అడిగారు, ఏ భాషలో వివరించారు, కాదన్నవారిని ఏం చేశారు. ఖమ్మంలో ఆ వివరాలు వెతకాలంటే మొదట తెరవాల్సినవి వార్డెన్ల సంతకాలున్న ఆ 2,763 కాగితాలే.