నిలుచు చట్రము, జరుగు పాఠము: కడితము నుండి కంప్యూటరు తెర వరకు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు తెలుగు, తమిళము, కన్నడము కలిసి మెలగు సీమలు. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలుతోపాటు కృష్ణగిరి ఈస్టిండియా కంపెనీ వశమైనది. ఎగువనున్న హోసూరు 1799 లో టిప్పూ సుల్తాను పతనమగువరకు మైసూరు ఏలుబడిలో నుండెను. పిదప రెండును సేలము జిల్లాలో చేరినవి. 1965 లో సేలము నుండి ధర్మపురి జిల్లాయు, 2004 లో ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లాయు వేరుపడినవి. ఏలికలు మారిరి, జిల్లాల పేరులు మారినవి, ఇండ్లలో తెలుగు మాత్రము నిలిచినది.

2006 నాటి శాసనమువలన తమిళనాటి బడులలో తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది. 2006-07 లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట పై తరగతికి ప్రాకి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరునట్లు ఆ శాసనమున ఏర్పాటు గావింపబడినది. నాటినుండి ఈ సీమ తెలుగు పిల్లలకు బడి వెలుపలి తెలుగు చదువు మునుపటికంటె ముఖ్యమైనది. ఆ చదువులో పెద్ద భాగము నేడు అరచేతి ఫోను తెరమీదనే జరుగుచున్నది. కావున పొడవైన పాఠమును చిన్న తెరలో నిమిడ్చి చూపు పద్ధతి కేవలము యంత్రజ్ఞుల విషయము కాదు. దాని చరిత్రను, అందు తెలుగు లిపికి కలుగు చిక్కును విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

పూర్వపు పద్ధతులు

చదువరి కన్ను ఒకసారి కొద్దిమేర మాత్రమే చూడగలదు. వ్రాత మిక్కిలి పొడవైనది. ఈ వైరుధ్యమునకు తెలుగువారు మూడు విధములైన పరిష్కారములను ఎరిగియుండిరి.

మొదటిది తాటియాకుల గ్రంథము. వ్రాతను సమానమైన ఆకులుగా తునిమి, త్రాట గ్రుచ్చి, ఒక్కొక్క ఆకునే తిరుగవేయుదురు. రెండవది కడితము. మైసూరులో రెసిడెంటుగా నుండిన మార్కు విల్క్సు, 1810 లో వెలువడిన తన దక్షిణదేశ చరిత్ర గ్రంథమున దీనిని వర్ణించెను. ఎనిమిది అంగుళములు మొదలు అడుగువరకు వెడల్పును, పండ్రెండు మొదలు పదునెనిమిది అడుగుల పొడవును గల నూలు బట్టకు బొగ్గుపొడి కలిపిన జిగురును పట్టించి, ఆరిన పిమ్మట దానిని కోయకుండ సమానమైన మడతలుగా మడచెదరు. దానిపై బలపముతో వ్రాయుదురు. వర్తకులు తమ లెక్కలకు దీనిని వాడెడివారు. కావలసిన మడత వద్ద తెరచుటకు వీలుండుట దీని సౌకర్యము.

మూడవది పటము. తెలంగాణములోని చేర్యాల నకాశీలు చిత్రించు కథాపటములు సుమారు మూడడుగుల వెడల్పును, నలువది అడుగులకు మించిన పొడవును గలవి. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, దానిపై కథను అడ్డపట్టీలుగా, పైనుండి క్రిందికి వ్రాయుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకి పడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును ఇట్టి పటముల సాయముననే చెప్పుచుండిరి. కథ నడచుకొలది పటము ఒక వంక విప్పబడి, మరియొక వంక చుట్టబడును. ప్రేక్షకుల యెదుట ఎల్లప్పుడును ఒకటి రెండు పట్టీలే కనబడును. తక్కినది చుట్టలో దాగియుండును. ఇందు చూచు చోటు కదలదు. చూడబడు వస్తువే కదలును. ఈ ఒక్క లక్షణమే నేటి కంప్యూటరు తెరమీది 'స్క్రోలింగు'నకు ప్రాణము. చుట్టను ఆంగ్లమున స్క్రోల్ అందురు. యంత్రజ్ఞులు ఆ పేరును ఈ క్రియకు పెట్టుకొనుటలో ఔచిత్యము కలదు.

కంప్యూటరు తెరపై చట్రము

తొలి కంప్యూటర్లలో పెక్కింటికి పాఠము చూపు తెరలు లేవు. టెలిటైపు యంత్రము కాగితపు చుట్టపై వరుస వెంట వరుసగా అచ్చొత్తెడిది. తెర వచ్చిన పిదపను ఆ అలవాటే సాగినది. క్రొత్త వరుస అడుగున చేరగా పాతవి పైకి జరిగి మాయమయ్యెడివి. మాయమైనదానిని మరల చూచు దారి లేకుండెను.

1963 లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో ఐవన్ సదర్లాండు నిర్మించిన 'స్కెచ్‌ప్యాడ్' ఈ విషయమున మేలి మలుపు. పెద్ద చిత్రములో ఒక భాగమును మాత్రమే తెర చూపును. తెరక్రింది మరలను త్రిప్పి ఆ భాగమును మార్చుకొనవచ్చును. చిత్రము వేరు, దానిని చూపు కిటికీ వేరు అను భావన ఇచ్చట స్పష్టమైనది. 1970 లో స్థాపింపబడిన జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున, 1973 నాటి 'ఆల్టో' యంత్రముపై ఈ భావన పెంపొందినది. అచ్చటి 'స్మాల్‌టాక్' వ్యవస్థలో కిటికీకి ఎడమ ప్రక్కన స్క్రోల్ బార్ అను నిలువు పట్టీ కనబడెడిది. 1981 లో జిరాక్సు 'స్టార్', 1983 లో ఆపిల్ 'లీసా', 1984 లో 'మకింటాష్' ఈ పట్టీని కార్యాలయములకును ఇండ్లకును చేర్చినవి. 1996 లో మైక్రోసాఫ్టువారి 'ఇంటెల్లిమౌస్' వ్రేలితో త్రిప్పు చిన్న చక్రమును ప్రచారమునకు తెచ్చెను. 2007 లో ఐఫోను వచ్చుటతో వ్రేలు నేరుగ పాఠమునే తాకి జరుపసాగినది. పటము చుట్టు చేతికిని పటమునకును నడుమనున్న యంత్రములు ఇట్లు క్రమముగా తొలగినవి.

ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ చట్రము నేడు సిద్ధవస్తువుగా లభించుచున్నది. తెరమీది మీటలు, పెట్టెలు, జాబితాలు మొదలగు ఉపకరణములను 'విడ్జెట్లు' అందురు. తనలో ఇతర విడ్జెట్లను ఇముడ్చుకొని, అవి తనకంటె పెద్దవైనప్పుడు కొంత భాగమునే చూపి, మిగిలినదానిని జరుపుకొననిచ్చు విడ్జెట్టే స్క్రోల్ చట్రము. ఎక్స్ విండో వ్యవస్థలోని ఎథీనా విడ్జెట్లలో ఇది 'వ్యూపోర్టు' అనియు, జీటీకేలో 'స్క్రోల్డ్ విండో' అనియు, జావా స్వింగులో 'జేస్క్రోల్‌పేన్' అనియు, క్యూటీలో 'స్క్రోల్ ఏరియా' అనియు పిలువబడుచున్నది. పేరులు వేరైనను నిర్మాణము ఒక్కటే. లోపల పూర్తి పాఠము, బయట కొలత గల కిటికీ, రెండింటి సంబంధమును తెలుపు పట్టీ అని మూడంగములు.

ఆ సంబంధము సులభమైన లెక్క. పాఠము ఎత్తు 4000 చుక్కలనియు, కిటికీ ఎత్తు 800 చుక్కలనియు అనుకొన్నచో, పాఠములో ఐదవ వంతు మాత్రమే ఒకసారి కనబడును. కావున పట్టీలోని జారు ముక్క కూడ పట్టీ పొడవులో ఐదవ వంతుండును. పాఠము జరుగగల గరిష్ఠ దూరము 4000 నుండి 800 తీసివేయగా మిగిలిన 3200 చుక్కలు. ఈ ముక్కను చూచినంతనే పాఠమెంత పొడవైనదో, చదువరి ఎచ్చటనున్నాడో తెలియును. తాటియాకుల కట్ట మందమును చేతితో తడిమి గ్రంథము ఎంత మిగిలినదో తెలిసికొన్నట్లే ఇదియు. నేటి ఫోనులలో ఈ పట్టీ జరుపునప్పుడు మాత్రమే కనబడి మాయమగును. అందువలన క్రింద ఇంకను పాఠమున్నదని ఎరుగక, మొదటి తెరతోనే ముగిసినదనుకొను పెద్దలు కలరు.

పాఠము వేల వరుసలదైనచో అన్నిటిని ఒక్కసారి సిద్ధపరచుట వృథా. కిటికీలో కనబడు కొన్ని వరుసలను మాత్రమే నిర్మించి, పైకి జరిగిపోయిన వరుస పెట్టెలోనే క్రొత్త వరుసను నింపుట నేటి పద్ధతి. ఆండ్రాయిడు ఫోనులకై 2014 లో వచ్చిన 'రీసైక్లర్‌వ్యూ' ఇట్టిదే. పొదుపు మంచిదే. కాని ఒక వరుసకు చాలిన ఎత్తు అన్ని వరుసలకును చాలునని ప్రోగ్రాము వ్రాయువాడు తలచినచో చిక్కు మొదలగును.

తెలుగు లిపికి కలుగు చిక్కు

ఈ చిక్కు కృష్ణగిరి సీమలో తేటగా తెలియును. ఆంగ్ల లిపి ప్రధానముగా ఒక వరుసపై నడచును. తమిళ లిపి హల్లుల కలయికను పుళ్ళి అను చుక్క పెట్టి ప్రక్కప్రక్కనే వ్రాయును. తెలుగు, కన్నడ లిపులు రెండవ హల్లును ఒత్తుగా మార్చి మొదటి హల్లు క్రిందనో, దిగువ ప్రక్కనో చేర్చును. అందువలన తెలుగు వరుసకు దిగువ చోటు హెచ్చుగా కావలెను.

ఒక జాబితాలో ఈ జిల్లాలోని ఊళ్ళ పేరులున్నవనుకొనుడు. ఆంగ్లాక్షరముల కొలతతో ప్రతి వరుసకు ఒకే ఎత్తు నిర్ణయింపబడినది. 'హోసూరు' అను పేరులో దీర్ఘములు, కొమ్ములే గాని ఒత్తులు లేవు. అది చక్కగా కనబడును. 'కృష్ణగిరి' అను పేరులో షకారము క్రింద ణకారపు ఒత్తు కలదు. వరుస అంచు ఆ ఒత్తును కోసివేసినచో చదువరికి కనబడునది 'కృషగిరి'. అదే పేరును తమిళమున వ్రాసి పరీక్షించినను దోషము బయటపడదు, అందు ఒత్తు లేదు గనుక. హోసూరు పేరుతో తెలుగున పరీక్షించినను బయటపడదు. కృష్ణగిరిని తెలుగుననో కన్నడముననో వ్రాసినప్పుడే దోషము పట్టుబడును. 'రాష్ట్రము', 'శాస్త్రము' వంటి రెండొత్తుల మాటలలో హాని మరియు హెచ్చు. ఒత్తు పోయినచో అందము మాత్రమే కాదు, మాటయే మారిపోవును. 'అన్నము'లోని ఒత్తు తెగినచో మిగులునది 'అనము'. క్రొత్తగా తెలుగు నేర్చు పిల్లవాడు తెరమీద చూచినదానినే సరియని నమ్మును.

తెలుగు లిపికి కంప్యూటరులో స్థానము లేనందున ఇట్లగుచున్నదనుట సరికాదు. భారతీయ లిపులకై 1991 లో ఇస్కీ ప్రమాణము ఐఎస్ 13194 అను సంఖ్యతో వెలువడినది. అదే సంవత్సరమున యూనికోడు తొలి సంపుటిలోను తెలుగు చేరినది. 2001 నాటి విండోసు ఎక్స్‌పీలో 'గౌతమి' అను తెలుగు ఖతి లభించినది. అక్షరములకు సంకేతములు కలవు, ఖతులు కలవు. కొరతపడునది ఖతి తెలుపు ఎత్తును అడిగి తెలిసికొను శ్రద్ధయే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ను పోలిన ఒక తెలుగు అక్షరక్రమమును చూపబోయి ఐఫోనులోని అనువర్తనములు నిలిచిపోయినవి. కొలది దినములలోనే ఐఓఎస్ 11.2.6 సవరణముతో ఆ లోపము తీరినది. అది అక్షరకూర్పులోని లోపమేగాని చట్రపు లోపము కాదు. ఐనను ఒత్తులు గల లిపులతో చాలినంత పరీక్ష జరుగకున్నచో ఫలమెట్లుండునో అది లోకమునకు తెలిపినది.

దీనికి మందు కష్టమైనది కాదు. వరుస ఎత్తును ముందుగా ఒక సంఖ్యగా బిగింపక, అందు ఇమడవలసిన అక్షరములను కొలిచి నిర్ణయించుట మొదటిది. చదువరి అక్షరములను పెద్దవిగా చేసికొన్నప్పుడు చట్రము మరల కొలుచుకొనుట రెండవది. పొడవైన సమాసము కిటికీ వెడల్పును మించినచో అంచున తెంపివేయక క్రింది వరుసకు దింపుట మూడవది. జరుపు చట్రము లోపల మరియొక జరుపు చట్రమును పెట్టకుండుట నాల్గవది. పెట్టినచో వ్రేలు జరిపినప్పుడు ఏది కదలవలెనో యంత్రమునకును తెలియదు, మనిషికిని తెలియదు.

చేర్యాల నకాశీ బట్టను ముందుగా కోసి, కథను దానిలో ఇరికింపలేదు. కథ ఎంత పొడవో పటమును అంత పొడవుగా సిద్ధము చేసెను. ప్రోగ్రాము వ్రాయువారును ఈ క్రమమునే పాటింపవలసియున్నది. హోసూరునకు బెంగుళూరు సుమారు నలువది కిలోమీటర్ల దూరము. ఆ నగరపు సాఫ్టువేరు సంస్థలకు నెలవైన ఎలక్ట్రానిక్ సిటీ హోసూరు మార్గముననే యున్నది. మూడు భాషలెరిగిన ఈ సీమ యువకులలో ఆ వృత్తిని చేపట్టిన వారు, తాము కట్టిన ప్రతి చట్రములోను ఒక్కసారి 'కృష్ణగిరి' అని తెలుగున వ్రాసి, ణకారపు ఒత్తు నిలిచినదో లేదో చూచినచో చాలును. అట్టి పరీక్షకు క్షణకాలము పట్టును. దానివలన తెలుగువారికేగాక, అట్టి ఒత్తులనే వాడు కన్నడిగులకును మేలు చేకూరును.