పక్షులకు సంఘం, మనుషులకు ప్రవాసం

సముద్ర సంరక్షణ చరిత్రలో 2010 ఏప్రిల్ 1 ముఖ్యమైన తేదీ. ఆ రోజున బ్రిటిష్ విదేశాంగమంత్రి డేవిడ్ మిలిబాండ్, హిందూ మహాసముద్రం నడుమనున్న చాగోస్ ద్వీపాల చుట్టూ సుమారు 6 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్ల జలప్రాంతాన్ని సముద్ర అభయారణ్యంగా ప్రకటించాడు. అక్కడ వ్యాపారానికి చేపలు పట్టడం నిషిద్ధమైంది. అంత విశాలమైన నిషిద్ధ జలప్రాంతం అప్పటికి ప్రపంచంలో మరొకటి లేదు. లాభాపేక్ష లేని సంస్థలు ఒక ప్రభుత్వాన్ని కదిలించి సాధించిన ఘనవిజయంగా పలువురు దాన్ని కీర్తించారు. ఆ విజయాన్ని చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పగడపు దిబ్బలను కాపాడవలసిందే. అందులో వివాదం లేదు. ఆ కాపుదల ఎవరి చేతుల మీదుగా సాగింది, ఎవరిని వెలుపల నిలబెట్టి సాగింది అన్నవి తేల్చుకోవలసిన విషయాలు.

చాగోస్ అనాదిగా నిర్జనంగా ఉండిపోయిన సీమ కాదు. 18వ శతాబ్ది చివర ఫ్రెంచి తోటల యజమానులు మడగాస్కర్ నుంచీ, తూర్పు ఆఫ్రికా తీరం నుంచీ బానిసలను తెచ్చి అక్కడ కొబ్బరితోటలు వేయించారు. 1814లో మారిషస్‌తో పాటు ఈ ద్వీపాలు కూడా బ్రిటిష్ వారి వశమయ్యాయి. బానిసత్వం రద్దయ్యాక ఇండియా నుంచి ఒప్పందపు కూలీలు వచ్చి చేరారు. మన కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ చెరకుతోటలకు పోయిన తెలుగు కూలీల కథ కూడా ఈ కథకు పొరుగిల్లే. కొన్ని తరాలు గడిచేసరికి తమ క్రియోల్ భాష, తమ పాట, తమ చర్చి, తమ సమాధులు గల ఒక ప్రజ అక్కడ ఏర్పడింది. కొబ్బరి కొట్టి ఎండబెట్టడం వారి కూలిపని. చుట్టూ ఉన్న సముద్రం వారి తిండి.

ఈ ప్రజకు విపత్తు ఒక సైనిక స్థావరం రూపంలో వచ్చింది. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి సిద్ధపడుతూనే, 1965 నవంబరు 8న బ్రిటన్ చాగోస్‌ను దాని నుంచి కోసి వేరే వలసగా చేసింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో, డియెగో గార్షియా ద్వీపాన్ని అమెరికా సైన్యం వాడుకోవడానికి ఒడంబడిక కుదిరింది. నేలమీద మనుషులుంటే ఐక్యరాజ్యసమితిలో జవాబు చెప్పుకోవాలి. అంచేత మనుషులు లేరనిపించుకోవడం ప్రభుత్వానికి అవసరమైంది. తరతరాలుగా అక్కడ పుట్టి పెరిగినవారు కాగితాల మీద తాత్కాలికపు కూలీలైపోయారు.

1966లో బ్రిటిష్ ఉన్నతాధికారులు రాసుకున్న అంతర్గత పత్రాలు తరువాత బయటపడ్డాయి. సముద్రపు పక్షులు తప్ప అక్కడ స్థానికులంటూ ఎవరూ ఉండబోరనీ, ఆ పక్షులకు ఇంకా ఒక సంఘం లేదనీ ఒక అధికారి పరిహాసమాడాడు. పక్షులతో పాటు కొందరు టార్జాన్లూ, కొందరు ఫ్రైడేలూ కూడా ఉన్నారని మరొక అధికారి దాని కింద చేర్చాడు. ఫ్రైడే ఎవరో సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కరలేదు. 1719లో డేనియల్ డిఫో రాసిన ‘రాబిన్సన్ క్రూసో’ నవలలో, దొర తనకు దొరికిన వారం పేరు పెట్టి చాకిరీకి కుదుర్చుకున్న ద్వీపవాసి అతడు. పుట్టినప్పుడు అతనికి ఉన్న పేరేమిటో దొర అడగనేలేదు. నవలలోని ఆ చూపు రెండున్నర శతాబ్దాల తరువాత ప్రభుత్వపు దస్తరంలో చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నది.

1968–1973 మధ్య సుమారు 1,500 నుంచి 2,000 మంది దాకా ద్వీపవాసులు నిర్వాసితులయ్యారు. వైద్యానికో, బంధువులను చూడడానికో మారిషస్ వెళ్ళినవారిని తిరిగి ఓడ ఎక్కనివ్వలేదు. మిగిలినవారికి సరుకులు తగ్గించి, చివరికి ఓడల్లో కుక్కి మారిషస్, సెషెల్స్ రేవుల్లో దింపారు. 1971లో డియెగో గార్షియా ప్రజల పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే కొట్టులో మూసి, వాహనాల పొగ వదిలి చంపారు. జీవకారుణ్యానికి తరువాత పేరుపొందిన సీమ చరిత్రలో ఈ పుట కూడా ఉన్నది. పోర్ట్ లూయీ మురికివాడల్లో చేరినవారికి 1982లో 40 లక్షల పౌన్ల పరిహారం ఇచ్చి బ్రిటన్ చేతులు దులుపుకొన్నది.

వారు ఊరుకోలేదు. ఒలివియె బాంకుల్ నాయకత్వాన న్యాయస్థానాలకెక్కి 2000లో గెలిచారు. 2004లో ప్రభుత్వం పార్లమెంటు చర్చ లేకుండా రాణి ఉత్తర్వుల ద్వారా ఆ తీర్పును వమ్ము చేసింది. 2008లో ప్రభువుల సభ న్యాయమూర్తులు ముగ్గురు ప్రభుత్వం పక్షాన, ఇద్దరు ద్వీపవాసుల పక్షాన నిలిచారు. వ్యాజ్యం ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి చేరింది. అది ఇంకా తేలకుండానే అభయారణ్యం ప్రతిపాదన రంగం మీదికి వచ్చింది.

1966లో అధికారి ఎగతాళి చేసిన పక్షులకు ఇప్పుడు నిజంగానే ఒక సంఘం ఏర్పడింది. ప్యూ పర్యావరణ విభాగం, లండన్ జంతుశాస్త్ర సంఘం, పక్షి సంరక్షణకు పేరుపడ్డ రాయల్ సొసైటీ, క్యూ ఉద్యానవనం, చాగోస్ సంరక్షణ ట్రస్టు మొదలైనవి ఒక కూటమిగా కలిసి ప్రచారం సాగించాయి. రెండున్నర లక్షలకు పైగా జనం మద్దతుగా సంతకాలు చేశారు. చేపల లైసెన్సుల రాబడి పోయి, పహరా ఓడకు డబ్బు కరువైనప్పుడు, ఔషధ వ్యాపారంలో గడించిన బెర్తరెల్లి కుటుంబపు ధర్మసంస్థ ఐదేళ్ళకు 35 లక్షల పౌన్లు ఇవ్వడానికి ముందుకు వచ్చింది.

ఈ సంస్థలు చేసిన శాస్త్రీయ కృషిని తక్కువ చేయడం అన్యాయం. 1998లో సముద్రజలం వేడెక్కి చాగోస్ పగడాలు పెద్దయెత్తున చచ్చిపోయాయి. పదిపన్నెండేళ్ళలో అవి కోలుకున్న తీరు పరిశోధకులకు గొప్ప పాఠమైంది. ఓడలతో వచ్చిన ఎలుకలు పక్షిగుడ్లను తినివేసిన ద్వీపాలకూ, ఎలుకలు చేరని ద్వీపాలకూ ఉన్న తేడాను 2018లో ఒక అధ్యయనం వెల్లడించింది. పక్షులున్న చోట వాటి రెట్ట సముద్రంలోకి దిగి పగడపు దిబ్బల మీది చేపలకు పుష్టినిస్తున్నది. ఇటువంటి జ్ఞానం మానవాళి ఆస్తి. దాతల డబ్బు లేకుంటే ఇందులో చాలా భాగం సాధ్యమయ్యేది కాదు.

కాని దాత ఉద్దేశం వేరు, దాన్ని వినియోగించుకునే రాజ్యం ఉద్దేశం వేరు. 2009 మే నెలలో లండన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం తమ దేశానికి ఒక రహస్య తంతి పంపింది. 2010 డిసెంబరులో వికీలీక్స్ దాన్ని బయటపెట్టింది. అభయారణ్యం ఏర్పడితే పూర్వవాసులు తిరిగివచ్చే కోరిక ఆచరణలో అంతమవుతుందని బ్రిటిష్ అధికారి ఒకరు చెప్పినట్లు అందులో ఉన్నది. ద్వీపాల మీద ఫ్రైడేల అడుగుజాడలు ఉండబోవన్న మాట కూడా ఉన్నది. 43 సంవత్సరాల తరువాత అదే నవల, అదే పేరు! మొదటిసారి దేశరక్షణ పేరిట, రెండవసారి ప్రకృతి రక్షణ పేరిట. అభయారణ్యం వెనుక దురుద్దేశం ఉన్నదన్న వాదాన్ని బ్రిటిష్ న్యాయస్థానాలు అంగీకరించలేదు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది. న్యాయస్థానం నిర్ణయం అది. అధికారుల నాలుక మీద ఆ పేరు ఎందుకు చెరిగిపోలేదో చరిత్ర విద్యార్థి అడగక తప్పదు.

అభయారణ్యపు సరిహద్దులే మరికొంత చెబుతాయి. డియెగో గార్షియానూ, దాని చుట్టూ మూడు మైళ్ళ నీటినీ నిషేధం నుంచి మినహాయించారు. స్థావరంలోని వారు వినోదానికి చేపలు పట్టవచ్చు. అక్కడి మడుగులోకి సైనిక నౌకలు ఏళ్ళ తరబడి మురుగునీరు వదిలిన సంగతి కూడా 2014లో వెల్లడైంది. తిండికి గాలం వేసే ద్వీపవాసి ప్రకృతికి ముప్పనిపించుకొన్నాడు. యుద్ధవిమానాల స్థావరం మాత్రం ఆ చిత్రంలో నుంచి మర్యాదగా తప్పుకొన్నది.

2015 మార్చిలో అంతర్జాతీయ మధ్యవర్తుల మండలి, మారిషస్ హక్కులను పాటించకుండా ఈ అభయారణ్యాన్ని ప్రకటించడం సముద్రన్యాయ ఒడంబడికకు విరుద్ధమని తీర్పిచ్చింది. 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం, చాగోస్ మీద బ్రిటన్ పాలన అంతం కావాలని అభిప్రాయపడింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సార్వభౌమత్వం మారిషస్‌కు, డియెగో గార్షియా మాత్రం 99 సంవత్సరాలు స్థావరానికే. తక్కిన ద్వీపాల్లో పునరావాసానికి అందులో వీలున్నది. సముద్ర సంరక్షణకు సహాయపడతామని బ్రిటన్ మాట ఇచ్చింది. ఐతే ఈ సంప్రదింపుల్లో కూడా తమకు పీట వేయలేదని ద్వీపవాసులు చాలామంది ఆక్షేపించారు.

సంరక్షణ అంటే ఇలాగే ఉండితీరాలా? మన దేశంలోనే మరొక దారి కనిపిస్తుంది. గుజరాత్ తీరంలో 1990 ప్రాంతాల్లో తిమింగలపు సొరచేపలను నూనెకూ మాంసానికీ వందలాదిగా చంపేవారు. 2001లో చట్టం దాన్ని నిషేధించింది. చట్టం ఒక్కటే చాలదని 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, రాష్ట్ర అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి మత్స్యకారుల దగ్గరికే వెళ్ళారు. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డతో ఆ చేపను పోల్చి కథావాచకుడు మొరారీ బాపు వారికి నచ్చజెప్పాడు. వలలో పడిన సొరను వల కోసి విడిచిపెట్టడం మత్స్యకారులు నేర్చుకున్నారు. తెగిన వలకు పరిహారం ఏర్పాటైంది. వెరావల్ పడవల మీద మన శ్రీకాకుళం వలసకూలీలూ పనిచేస్తారు గనక ఈ కథ మనకు పరాయిది కాదు. ఇక్కడ కూడా ధర్మసంస్థ ఉన్నది, కంపెనీ డబ్బు ఉన్నది, ప్రభుత్వం ఉన్నది. కాని కత్తి మత్స్యకారుడి చేతిలో ఉన్నది. వలను కోయాలన్న నిర్ణయం అతడిది.

శరణు కోరినవానికి ఇచ్చేది అభయం అని మన భాష చెబుతుంది. చాగోస్‌లో పగడానికీ, పక్షికీ, తాబేలుకూ అభయం దొరికింది; శరణు కోరిన మనిషికి దొరకలేదు. ఆ మనిషి తిరిగి వచ్చినంత మాత్రాన పగడం చావదు. అతణ్ణి కాపలాదారుగా నిలపడానికి పహరా ఓడకయ్యే ఖర్చు కూడా అక్కరలేదు. సముద్రాన్ని కాపాడడానికి పూనుకొనే ఏ సంస్థ అయినా చందా పట్టికతో పాటు మరొక పట్టిక కూడా తెరిచి ఉంచాలి. ఆ తీరాన పుట్టినవారి పేర్లు, దొరలు పెట్టిన పేర్లు కాకుండా వారి సొంత పేర్లు, అందులో మొదటి వరసన ఉండాలి.