దత్తమండలముల బడులు — చరిత్రోపాధ్యాయునకుఁ గల సాధనములు

కర్నూలు, కడప సీమలలో మాధ్యమిక తరగతులకుఁ జరిత్రము చెప్పు నుపాధ్యాయులు తఱచుగాఁ జెప్పుకొను కొఱఁత యొకటి కలదు. పటములు చాలవు, బొమ్మలు లేవు, పాఠ్యపుస్తకము దప్ప వేఱొక గ్రంథము చేతికందదు. ఇట్టి బడిలో నాఱవ తరగతి పిల్లవానికిఁ బూర్వకాలమును గన్నులకుఁ గట్టినట్లు చూపుట యెట్లని వారి ప్రశ్నము. ప్రశ్నము న్యాయమైనదే. ముప్పదేండ్లు బడిలోఁ గూర్చున్నవాఁడను గావున నీ కొఱఁతను నేనును ననుభవించితిని. కాని యీ సీమలో సాధనములే లేవనుట మాత్రము సత్యము గాదు. ఉన్నవానిని మనము బడిలోనికిఁ దేలేదనుట సత్యము. అవి యేవి, వానితో నేమి చెప్పవచ్చును, చెప్పకున్న నేమి పోవును అను మూఁడు విషయములను ఈ వ్యాసమున విచారించెదను.

మొదట గురుశిష్యుల మాటయే చెప్పుదము. పత్తికొండ గుత్తుల నడుమ, జొన్నగిరికి సమీపమున ఎఱ్ఱగుడి గలదు. అచ్చటి గుట్టబండలపై నశోకచక్రవర్తి ధర్మలిపులు చెక్కఁబడి యున్నవి. 14 పెద్ద శాసనములును, రెండు చిన్న శాసనములును ఒక్కచోటనే యుండుట యా స్థలమునకు విశేషము. భూగర్భశాస్త్రజ్ఞుఁడైన అనుఘోష్ కనుఁగొనఁగా 1929 ప్రాంతమున నివి పండితలోకమునకుఁ దెలియవచ్చినవి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతము, కాలము క్రీస్తునకుఁ బూర్వము 3వ శతాబ్ది. చిన్న శాసనమున రాజు, తల్లిదండ్రుల మాట వినవలయుననియు, ప్రాణులయెడ దయ గలిగి యుండవలయుననియు, సత్యము పలుకవలయుననియుఁ జెప్పించి, అంతేవాసి యాచార్యుని గౌరవింపవలయునని విధించెను. ఈ ధర్మమును ఏనుఁగుల నెక్కువారును, వ్రాయసగాండ్రును, బ్రాహ్మణోపాధ్యాయులును దమ శిష్యులకుఁ బూర్వాచారము ననుసరించి బోధింపవలయునని కూడ నాజ్ఞాపించెను. ఈ యెండిన నేలపై గురుశిష్యులను గూర్చి నిలిచియున్న మాటలలో నింతకంటెఁ బ్రాచీనమైనది నాకుఁ దెలియదు. అంతేవాసి యనఁగా సమీపమున వసించువాఁడు. పూర్వపదమున విభక్తి లోపింపక నిలిచిన యలుక్సమాస మిది. వ్యాకరణము చదివిన యుపాధ్యాయుఁడు ఈ యొక్క పదముతోనే యొక దినపు పాఠము నడపవచ్చును.

ఆ చిన్న శాసనమందు మఱియొక చమత్కారము గలదు. కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును నడచును. ఒకమాఱు నేను పిల్లల నచ్చటికిఁ గొనిపోయి, యవనులలో నిట్టి వ్రాఁతకొక పేరు గలదని చెప్పఁబూనితిని. నా మాట ముగియకమున్నే యొక రైతుబిడ్డ, ‘అయ్యవారూ, ఇది మడక తోలినట్టుంది! సాలు కొసకు పోయి ఎద్దులను తిప్పినట్టుంది’ అని కేక వేసెను. యవనభాషలో నా పదమునకు ఎద్దు మరలునట్లని యర్థము. వాఁడు పుస్తకమున నెన్నఁడు నది చదువలేదు. తండ్రి పొలమునఁ జదివినాఁడు. సాధనమనఁగా నేమో నాఁడు నాకుఁ దెలిసినది.

రెండవది, తెలుఁగుమాట. కడపసీమలో ఎఱ్ఱగుంట్లకు సమీపమునఁ గలమళ్ళ గ్రామమున్నది. అచ్చటి చెన్నకేశవాలయపు శాసనము ధనంజయుఁడను రేనాటి చోడరాజుది. క్రీస్తుశకము 575 ప్రాంతమునాఁటిదని విజ్ఞులు నిర్ణయించిరి. సంస్కృత ప్రాకృతముల నడుమ నొకటి రెండు తెలుఁగు పదములు దొరలిన శాసనములు పూర్వమును గలవు గాని, శాసనమంతయుఁ దెలుఁగుననే వ్రాయుటకు మనకుఁ గనఁబడు మొదటి నిదర్శనములలో నిది ముఖ్యము. రేనాఁడనఁగా నేఁటి కడప కర్నూలు సీమలలోని భాగము. అందు ‘రేనాణ్డు’ అని యున్నది. నేఁడు మనము ‘నాఁడు’ అందుము. నిండుసున్న వంటి యనునాసికము క్రమముగా నరసున్నయై, తరువాత నుచ్చారణమునుండియే తొలఁగినది. అరసున్న నిరర్థకమని గేలిచేయు బాలునకు, అది యొకప్పుడు పలికిన ధ్వనికి మిగిలిన గుఱుతని యా ఱాయి చెప్పును. ‘ఏళన్’ అను రూపము ఏలు ధాతువునకుఁ బూర్వరూపము. ‘చిఱుంబూరు’ నేఁటి చిలమకూరని చెప్పుదురు; అది కలమళ్ళకుఁ బొరుగూరు. పిల్లవాఁడు తన యూరి పేరును, పొరుగూరి పేరును ఈ విధముగా విడఁదీసి చూడ నేర్చినచో భాషాచరిత్రమందు వానికిఁ బ్రవేశము గలిగినట్లే.

మూఁడవది, బడి చరిత్రమే. 1800లో నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కంపెనీకి నిచ్చినందున వీనికి దత్తమండలములను పేరు గలిగెను. ఆ పేరు మనకుఁ దగదని 1928లో నంద్యాలసభయందుఁ జిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును బ్రతిపాదించిరి. ఆ మండలములకు మొదటి ముఖ్య కలెక్టరగు తామస్ మన్రో, తరువాతఁ జెన్నపట్టణమునకు గవర్నరై, 1822లో నెల్ల జిల్లాలలోని బడుల లెక్కలు పంపుఁడని కలెక్టరుల నడిగెను. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీని బ్రత్యుత్తరము వ్రాసెను. ఈతఁడు తెలుఁగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించి 1816లోఁ బ్రకటించినవాఁడు. నాఁటి బళ్ళారి జిల్లాలో నేఁటి కర్నూలు సీమలోని ఆదవాని, పత్తికొండ ప్రాంతములు చేరియుండెను. కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకు నవాబుల యేలుబడిలో నుండెను.

కాంబెల్ లెక్క ప్రకారము జిల్లాలో జనులు 9,27,857, బడులు 533, చదువువారు 6,641 మంది. బడులలోఁ గన్నడమువి 235, తెలుఁగువి 226, మరాటీవి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఇంగ్లీషుది 1, సంస్కృతవిద్యకు 23. ఈ యంకెలను ఏడవ తరగతివారికిచ్చి కూడుమనుఁడు, మొత్తము సరిపోవును. బడికి సగటున నెందఱో భాగించి చూడుమనుఁడు, పండ్రెండుగురు వత్తురు. వేయిమందిలో నెందఱు చదివిరో చూడుమనుఁడు; ఏడుగురు మాత్రమే. పిదప బాలికలెందఱని యడుగుఁడు. అఱువదిమంది. 6,641లో 60! ఈ యంకె చూచినప్పుడు తరగతిలోని బాలికలు తమలోఁ దామే మాటలాడుకొందురు. ఆ సంభాషణము నాఁపవలదు. గణితము, చరిత్రము, ధర్మము నొక్కచోటఁ జేరు సమయమది.

అంకెలకంటెను ఆ లేఖలోని వర్ణనము రసవంతము. బాలుఁడు అక్షరములను మొదట నోటఁ బలుకుటవలనఁ గాక, ఇసుకలో వ్రేలితో వ్రాయుటవలన నేర్చునఁట. తెల్లవాఱి బడికి మొదట వచ్చినవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు, అనఁగా వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూఁడవవానికొక దెబ్బ, నాలవవానికి రెండు. పెద్ద పిల్లలు చిన్నవారికిఁ జెప్పుదురు. ఈ పద్ధతి మెచ్చఁదగినదనియు, ఇంగ్లండున దీని ననుకరించుట యుక్తమేయనియుఁ గాంబెల్ వ్రాసెను. చెన్నపట్టణపు ఎగ్మూరు అనాథశాలలో నాండ్రూ బెల్ ఇట్టి విధానమును నడపి 1797లో గ్రంథముగాఁ బ్రకటింపఁగా, సీమలో దానికి మద్రాసు పద్ధతియను పేరే కలిగెను.

అట్లని పూర్వపు బడి నిర్దోషమని నేననను. కాంబెల్ గుణములతోఁ గూడ దోషమును జెప్పెను. పిల్లలు ప్రాచీనభాషలోని పద్యములను వందలకొలఁది వల్లించిరి గాని, యర్థ మెఱుఁగుటలో వారికిని బంజరపు చిలుకకును భేదము లేదనెను. ఈ వాక్యము మొదటిసారి చదివినప్పుడు నాకుఁ గోపము వచ్చినది. రెండవసారి చదివినప్పుడు సిగ్గు కలిగినది. ఏలయన నేనును బెక్కేండ్లు అమరమును ధాతుపాఠమును నట్లే చెప్పితిని. కంఠస్థము చేయుట దోషముగాదు. కంఠస్థమైన పిదప నర్థమునకుఁ దిరిగి రాకుండుట దోషము. కాంబెల్ మఱియొక మాటయు వ్రాసెను: ఆ 533 బడులలో నొక్కటియుఁ బ్రభుత్వ సహాయము పొందుట లేదని. జనులు పేదలగుటకుఁ గారణములలో నొకటిగా, ఇంగ్లండునుండి వచ్చిన నూలుబట్టలచే నేఁత యడుగంటుటను బేర్కొనెను. మన్రో 1826లో 40 జిల్లా బడులను, 300 తహసీలు బడులను నెలకొల్పఁదలఁచెను. కాని 1827 జూలైలో విషూచిచేఁ బత్తికొండలోనే మరణించెను. ఎఱ్ఱగుడి ప్రయాణములో నుపాధ్యాయుఁడు పత్తికొండలో నాఁగి యీ కథ చెప్పవచ్చును.

నాలవది, ఊరి కథలు. కర్నల్ మెకంజీ తన పరిజనులచేత నూరూరఁ దిరిగించి వ్రాయించిన కైఫీయతులలోఁ జెఱువు త్రవ్వించినవాఁడెవఁడు, గుడి కట్టించినవాఁడెవఁడు, ఊరెట్లు పాడై మరల నిలిచెను అను సంగతులు గలవు. కడప కైఫీయతులు సంపుటములుగా నచ్చయినవి. అవి గల చోటు కడపలోని బ్రౌను గ్రంథాలయము. బ్రౌను 1820లోఁ గడపకు వచ్చి, 1821లోఁ బిల్లలకు ఉచితపు బడులు పెట్టెను. ఎఱ్ఱముక్కపల్లెలోని తన బంగళాలోఁ బండితులను గూర్చుండఁబెట్టి వ్రాఁతప్రతులను బరిష్కరింపఁజేసెను. కైఫీయతు సర్వమును సత్యము గాదు. అందుఁ గట్టుకథలును గలవు. అదియే పాఠమునకు లాభము. ఎనిమిదవ తరగతివారికి నొక కైఫీయతు నిచ్చి, ఇందు వ్రాసినవాఁడు చూచినదేది, విన్నదేది, యూహించినదేది యని మూఁడు వరుసలుగా వ్రాయుమని చెప్పుఁడు. ప్రమాణవిచారము దానంతట నదియే పట్టువడును.

కాలగణనమునకును మన సీమలోనే యుపకరణమున్నది. ఈ ప్రాంతపు వృద్ధులు ధాత కఱవని చెప్పుదురు. శాలివాహనశకము 1798 ధాతసంవత్సరము. దానికి 78 కలుపఁగా 1876. ఆ యేఁటి కఱవే చెన్నరాజధానిలో లక్షలమందిని బొట్టన పెట్టుకొన్నది. అఱువదేసి చొప్పునఁ గూడినచో మరల ధాత 1936లోను, 1996లోను వచ్చును. శకమునకును సంవత్సరనామమునకును పొత్తు కుదరెనా యని శాసనములను బరీక్షించు మార్గమిదియే. బాలునకిది యొక లెక్క, మనకొక ప్రమాణము.

ఇఁక మూఁడవ విషయము: చెప్పకున్న నేమి పోవును? నా యనుభవమే చెప్పెదను. ఇరువదేండ్ల క్రిందట నేనొక పల్లెలో, బావికడ నొక శాసనపు ఱాతిని జూచితిని. అక్షరములు స్పష్టముగానే యుండెను. సాయంకాలమైనదని, మఱునాఁడు కాగితముతో వచ్చి వ్రాసికొందమని యింటికిఁ బోయితిని. ఆ మఱునాఁడు మూఁడేండ్లకు వచ్చినది. పిల్లలను వెంటఁ బెట్టుకొని పోఁగా ఱాయి లేదు. గోడ పునాదిలోఁ బగులఁగొట్టి వేసితిమని యూరివారు చెప్పిరి. వారిని దూషింపను. అది యేమో వారికిఁ జెప్పవలసిన చదువరిని నేనే, చెప్పలేదు. ఏ రాజు, ఏ చెఱువు, ఏ మాన్యము, ఏ తెలుఁగు పదము అందుండెనో యిఁక నెవ్వరును జెప్పఁజాలరు.

కావున నుపాధ్యాయమిత్రులకు నా విన్నపము. ప్రతి మాధ్యమిక పాఠశాలయందును నొక పుస్తకము తెఱువుఁడు. పిల్లలు తమ యూరిలోని వ్రాఁతఱాళ్ళను, వీరకల్లులను, పాడుగుళ్ళను వెదకి, చోటు, కొలఁత, దిక్కు, పంక్తుల సంఖ్య అందు వ్రాయవలయును. అక్షరములు కనఁబడనిచో నూనె పూయవలదు, సుద్ద రుద్దవలదు, మొనగల పనిముట్టుతో గీయవలదు. తెల్లవాఱిగాని సాయంకాలముగాని యెండ యేటవాలుగాఁ బడునప్పుడు చూచినచో మాసిన యక్షరములును నీడ దేఱి కనఁబడును. చూచినదానిని బురావస్తుశాఖకుఁ దెలుపుఁడు. ఱాతిని గదలింపక, యదేమో యూరివారికిఁ జెప్పుఁడు. పిల్లవాఁడు తన తాతకుఁ జెప్పిన మాట మనము చెప్పినదానికంటె నెక్కువ నాటును.

ఇసుకయు వ్రేలును దప్ప వేఱు సాధనము లేని కాలమున నీ సీమలో 533 బడులు నడచినవి. నేఁటి బడికి గోడలున్నవి, పలకలున్నవి, పుస్తకములున్నవి. బడి వెలుపల ఱాళ్ళు నున్నవి, నేఁటివఱకు. మొదట వచ్చినవాని చేతిలో సరస్వతి పేరు వ్రాయు నాచారము మరల రానక్కఱలేదు గాని, తన యూరి ఱాతిని మొదటఁ జదివిన పిల్లవాని పేరు ఆ పుస్తకపు మొదటి పుటలో వ్రాయుఁడు.