లెక్కలు పాడిన ఖైదీ

రామ్‌నగర్ గుండు దగ్గర ఎక్కిన ఆటో గోల్కొండ కోట ముందు దింపింది. నిన్న సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో విన్న రామదాసు కీర్తన మీ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. కొండెక్కే దారిలోనే ఆయన బందిఖానా. లోపలికి రండి.

ఎండ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చీకటి అలవాటయ్యేదాకా కదలకండి. పైకప్పు కంతలోంచి దిగిన కాస్త వెలుగులో గోడమీది బొమ్మలు మెల్లగా తేలతాయి: రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. రామదాసు అసలు పేరు గోపన్న. ఆయనే చెక్కాడంటారు. వేలితో తడిమితే రాయి చల్లగా, గరుకుగా తగులుతుంది.

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడన్నది నేరం. పన్నెండేళ్లు ఇక్కడే మగ్గాడని చెబుతారు. అదే కాలంలో ఫ్రాన్సులో లల్లీ అనే సంగీతకారుడు పద్నాలుగో లూయీ కొలువులో రాజు మెచ్చే బాణీలు కడుతున్నాడు. గోపన్నకు కొలువంటే ఈ చీకటే.

పైన దర్బారులో పావులు కదులుతున్నాయి. 1672లో తానీషా గోల్కొండ సుల్తానుగా గద్దెనెక్కాడు. గద్దెనెక్కించిన సయ్యద్ ముజఫర్‌ను పక్కకు తప్పించారు, మాదన్న మంత్రి అయ్యాడు, తోడుగా సోదరుడు అక్కన్న. గోపన్నకు వాళ్లు మేనమామలని చెబుతారు. మామలు నడిపే ఖజానాకే మేనల్లుడు బాకీ. అయినవాడని తలుపు తీస్తే శత్రువుల చేతికి కత్తి ఇచ్చినట్టే. నాకు గుండె పట్టేసేది ఇక్కడే.

గోపన్న తహసీల్దారు కదా, ఆయన కోపం కూడా లెక్కల్లోనే వస్తుంది. ఒక కీర్తనలో ఏ నగ ఎవరికి చేయించాడో, దానికెన్ని వరహాలు పట్టాయో వరసగా రాముడికే ఒప్పజెబుతాడు, నిలదీస్తాడు. ఆఖరికి దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, క్షమించమంటాడు. రాజు మెప్పు కోసం పాడేవాడికి ఈ గొంతు ఎక్కడిది?

రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని జనం నమ్మకం. మామలకు ఎవరూ రాలేదు. 1686లో కుట్రదారులు అన్నదమ్ములిద్దరినీ చంపేశారు. మరుసటి ఏడు ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట, లోపలివాడే తలుపు తీయడంతో ఔరంగజేబు వశమైంది.

రామ్‌నగర్ తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. సందులో ఒక మేడ మీద పిల్లలు ఆ నగల కీర్తనే నేర్చుకుంటున్నారు. భరతుడి పతకం దగ్గర ఒక పాప శ్రుతి తప్పింది. టీచరమ్మ ఆపి, పదివేల వరహాల నుంచి మళ్లీ ఎత్తుకోమంది.