కోవిడ్ కాలంలో ప్రమాద పరిహార హక్కులు

2020లో కోర్టుల తలుపులు మూతపడగానే, భారతదేశంలో గాయపడినవారి పరిహార హక్కుకు తొలి గండం గడువు రూపంలో వచ్చింది. దావా వేయాల్సిన గడువు (లిమిటేషన్) దాటితే కోర్టు దాన్ని కొట్టేయాల్సిందే. సుప్రీంకోర్టు మార్చి 23న ఈ అంశాన్ని సుమోటోగా చేపట్టి, మార్చి 15 నుంచే వర్తించేలా గడువులు పొడిగించింది. రెండుసార్లు ఈ వెసులుబాటుకు తెరదించినా, వైరస్ మళ్లీ విజృంభించడంతో పునరుద్ధరించక తప్పలేదు. చివరకు 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్నంతా లెక్కలోంచి తీసేశారు. ఆలోగా గడువు తీరినవారికి మార్చి 1 నుంచి కనీసం 90 రోజులు దక్కాయి.

రోడ్డు ప్రమాద క్లెయిములకు అప్పట్లో గడువే లేదు. ఆరు నెలల్లోగా వేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఈ క్లెయిములు తేల్చే ట్రిబ్యునల్ తీర్పుపై అప్పీలుకు 90 రోజులు, వైద్య నిర్లక్ష్యంపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లు గడువు ఉండటంతో, ఈ పొడిగింపు అసలు మేలు అలాంటివారికే.

కానీ గడువు మిగిలినంత మాత్రాన సాక్ష్యం మిగలదు. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఆస్పత్రి బిల్లులు, వైకల్య ధ్రువపత్రం ఉంటేనే కేసు గట్టిగా నిలుస్తుంది. ఆ పత్రం ఇచ్చిన డాక్టరు సాక్ష్యం చెబితేనే దానికి బలం. కోవిడ్ వార్డులుగా మారిన ఆస్పత్రుల్లో విరిగిన కాలికి వైకల్య శాతం తేల్చేదెవరు? ఈ నష్టాన్ని ఏ ఉత్తర్వూ పూడ్చలేదు. డ్రైవింగ్ లైసెన్సుల విషయంలో మాత్రం ముందుచూపు కనిపించింది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరినవి చెల్లుతాయని కేంద్రం ప్రకటించి, దాన్ని 2021 అక్టోబరు 31 వరకు పొడిగిస్తూ వచ్చింది. పరిహార కేసుల్లో డ్రైవరుకు చెల్లే లైసెన్సు లేదన్నది బీమా కంపెనీలు తరచూ లేవనెత్తే అభ్యంతరం.

లాక్‌డౌన్ వల్ల బాధ్యత తప్పదని విశాఖపట్నం చూపింది. 2020 మే 7 తెల్లవారుజామున, మూతపడి ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి, ఆవిరి వెంకటాపురం ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ.50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. ప్రమాదకర పరిశ్రమకు సంపూర్ణ బాధ్యత ఉంటుందన్న సూత్రం 1986లో ఢిల్లీ ఒలియం గ్యాస్ కేసులో స్థిరపడింది. దాని ప్రకారం తప్పు ఎవరిదని బాధితులు నిరూపించనక్కర్లేదు.

కోవిడ్ మృతుల కుటుంబాలకు దక్కిన రూ.50,000 వేరే సంగతి. సుప్రీంకోర్టు 2021 జూన్ 30 తీర్పు మేరకు విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఎక్స్‌గ్రేషియా అది. ఆస్పత్రి నిర్లక్ష్యంపై కేసు వేసే హక్కును అది తీసేయదు.